సింహానికి పంతొమ్మిది మేకపోతులు

బుధవారం ఉదయం ఎనిమిది గంటలకు మన్మథరావు కాఫీ గ్లాసు పక్కన పెట్టి, రైల్వే టైమ్ టేబుల్ తెరిచి, రాయగడ పేరు చుట్టూ ఎర్ర పెన్సిలుతో సున్నా చుట్టాడు. సోమవారం ఉదయం బండి. రాయపూర్, నాగపూర్, భుసావల్, అహమ్మదాబాద్, అక్కణ్ణించి జునాగఢ్. నాలుగు చోట్ల బండి మారితే ఐదో రోజుకి గిర్ అడవి. ఆ అడవిలో సింహాలు.

దేశం మొత్తం మీద సింహాలు ఇంకెక్కడా లేవు కాబట్టి అంత దూరం వెళ్ళాలి. పులులైతే రాయగడ చుట్టూ కొండల నిండా ఉన్నాయి. కానీ అవి మన్మథరావుకి కనపడవు.

ఆయన గోవిందరాజులుగారి కలప డిపోలో గుమాస్తా. పద్దెనిమిదేళ్ళుగా అడవుల్లో తిరిగి టేకు దుంగలు కొలుస్తున్నాడు. ఇన్నేళ్ళలో ఆయన చూసిన అతి పెద్ద అడవి జంతువు నక్క. అదీ వెనక నుంచి. బళ్ళవాళ్ళకి మాత్రం వారానికో పులి కనపడేది. "బావూ, మీరిలాగ లెగిసి ఎల్లేరో లేదో, మీరు కూకున్న రాయి మీదే వచ్చి కూకుంది" అని మర్నాడు చెప్పేవారు. అంతకంటే పెద్ద బాధ ఇంట్లోనే ఉంది. భార్య గౌరీశ్వరి గుణుపురం దగ్గర రైతుల ఆడపిల్ల. తొమ్మిదో ఏట గేదెలు తోలుకెళ్ళి పులిని చూసింది. పెళ్ళయిన పదహారేళ్ళలో ఆ పులి ప్రస్తావన రాని పండగ లేదు.

అందుకే మన్మథరావు జునాగఢ్ అటవీ ఆఫీసుకి ఉత్తరం రాశాడు. పద్దెనిమిదేళ్ళలో మొదటిసారి పదిహేను రోజుల సెలవు అడిగాడు. "ఈ ఒక్కసారే. మళ్ళీ అడిగితే డిపోలో నువ్వుండవు" అని గోవిందరాజులు ఒప్పుకున్నాడు. ఇప్పుడు తప్పితే, ఒక్క పెద్ద జంతువునైనా కళ్ళతో చూడకుండానే మన్మథరావు జీవితం ముగిసిపోతుంది. ఆ సంగతి ఆయనకి స్పష్టంగా తెలుసు.

జునాగఢ్ నుంచి జవాబు ఆ ఉదయమే వచ్చింది. అరుగు మీద కూర్చుని గౌరీశ్వరికి గట్టిగా చదివి తెలుగులో చెప్పాడు.

"అంత దూరం ఎల్లేక అది కూడా కనపడకపోతే?" అంది గౌరీశ్వరి.

"కనపడి తీరుతుంది. అడవిలో ఒక మేకను కడతారట. దానికోసం సింహం వస్తుంది. మనం జీపులో కూర్చుని చూడ్డమే. మేకను మాత్రం చూసేవాళ్ళే ఇచ్చుకోవాలట."

పక్క అరుగు మీద బియ్యం చెరుగుతున్న రాజులమ్మ చేతిలో చేట ఆగిపోయింది. అరవై దాటిన మనిషి. ఆ వీధిలో ఎవరి మాట అయినా ఆవిడ చెవిని దాటి వెళ్ళదు.

"ఏటి బావూ? సింగానికి మేకని ఇచ్చుకోవాలా?"

"అవును పిన్నీ."

"మొత్తం అదే తినేస్తాదా?"

"తినకేం చేస్తుంది?"

"సుట్టాలెవులూ రారా?"

"అడవిలోకి చుట్టాలెందుకొస్తారు పిన్నీ?"

రాజులమ్మ తనలో తాను తల ఊపుకుంది. చేట పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. మన్మథరావు అప్పుడే కంగారు పడి ఉండాల్సింది.

ఆ ప్రాంతంలో కష్టం వస్తే మజ్జిగౌరమ్మ తల్లికి మేకపోతును మొక్కుకుంటారు. మొక్కడం సులువు. తీర్చడమే కష్టం. మేకపోతును అమ్మవారికి ఇచ్చాక చుట్టాలందరికీ భోజనం పెట్టాలి. ఒక్కడిని మరిచిపోయినా ఆ తరువాత మూడు పెళ్ళిళ్ళలో ఆ మాట వినపడుతుంది. పిలిస్తే చుట్టాలు పిల్లాజెల్లలతో బండి కట్టుకుని వస్తారు, నాలుగు రోజులు ఉంటారు. అందువల్ల ప్రతి ఇంట్లోనూ మొక్కు తీరని మేకపోతు ఒకటి గడ్డం పెంచుకుంటూ ముసలిదవుతూ ఉంటుంది.

గురువారం పొద్దున్న రాజులమ్మ తన మేకపోతును లాక్కొచ్చింది. నుదుట పసుపు, మెడలో బంతిపూల దండ.

"మనవడికి జొరం తగ్గితే ఇస్తానన్నాను. ఆడికి జొరం తగ్గింది, బడికెల్లేడు, మీసం కూడా వచ్చేసింది. ఇది ఇంకా ఇక్కడే ఉంది. ఇది ఒట్టుకెల్లి ఆ సింగానికి ఇచ్చెయ్ బావూ."

"పిన్నీ, అది అమ్మవారి మొక్కు కదా!"

"అమ్మవారు దేని మీద కూకుంటాది? సింగం మీదే గదా? వాహనానికి పెడితే ఆవిడికి పెట్టినట్టు కాదేటి?"

మన్మథరావు ఆలోచించాడు. ఎలాగూ ఒక మేక కావాలి. అక్కడ తెలియని ఊళ్ళో, రాని భాషలో బేరం ఆడేకన్నా ఇది మేలు. సరేనన్నాడు. ఈ కథలో ఆయన చేసిన తప్పు ఇదొక్కటే. మిగిలినవన్నీ మేకపోతులు.

యాత్రకు వెళ్ళేవాడు ఎవరి ముడుపూ కాదనకూడదు. అది ఆ వీధిలో అందరికీ తెలుసు. సింహాలను చూడబోవడం యాత్ర కాదని మన్మథరావుకి తెలుసు. అది మాత్రం ఆ వీధిలో ఇంకెవరికీ తెలియదు.

మధ్యాహ్నానికి ఎదురింటి అసిరయ్య వచ్చాడు. మున్సిపాలిటీ నీళ్ళ పంపు దగ్గర పని చేసే మనిషి. గొంతు పెద్దది.

"ఏటి మన్మథరావ్ గారూ, రాజులమ్మది పుచ్చుకున్నారట?"

"అది... ఒకటి కావాలని పుచ్చుకున్నానయ్యా."

"ఆవిడిది అమ్మవారికి పనికొచ్చింది, మాది పనికిరాదా? మాది తక్కువ మొక్కేటి? మా ఆవిడి పురుడు కష్టమైతే మొక్కుకున్నాం. పుట్టినోడికి తొమ్మిదేళ్ళు!"

వీధి వీధంతా తలుపులు తీసి వింటోంది. మన్మథరావు రెండో మేకపోతు తాడు అందుకున్నాడు. శుక్రవారం తెల్లవారేసరికి పెరట్లో ఏడు ఉన్నాయి. గౌరీశ్వరి వచ్చినవాళ్ళకల్లా బొట్టు పెట్టి పంపింది. మొగుడి ముఖం చూసి మాత్రం ఒకసారి వంటింట్లోకి వెళ్ళి నవ్వుకుని వచ్చింది.

శుక్రవారం ఆయన స్టేషనుకి పరిగెత్తాడు. పార్సిల్ గుమాస్తా సోమేశ్వరరావు ఫారం తీసి కలం సిరాలో ముంచాడు.

"జీవాల్ని బుక్ చేస్తామండి, దానికేం. పంపేవారు మీరు. పుచ్చుకునేవారి పేరు చెప్పండి."

"పుచ్చుకునేవారు... ఎవరూ లేరండీ. సింహం."

సోమేశ్వరరావు కలం ఆగింది. "అక్కడ దిగేక ఎవరో ఒకరు సంతకం పెట్టి తీసుకోవాలి కదండీ."

"సింహం సంతకం ఎలా పెడుతుందండీ?"

"సంతకం రానివాళ్ళకి వేలిముద్ర చాలండి. రూలు ఉంది." సోమేశ్వరరావు నవ్వకుండానే ఫారం మడిచాడు. తరువాత చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "అన్నట్టు, మా మావగారు బతికి బయటపడితే ఇస్తానని మా ఆవిడ మొక్కుకుందండీ. ఆయన బయటపడ్డాడు. ఇప్పుడు మా ఇంట్లోనే ఉంటున్నాడు. మా మేకపోతును సాయంత్రం పంపమంటారా?"

అది ఎనిమిదోది.

శనివారం పొద్దున్న కొల్నార నుంచి గున్నయ్య అనే రైతు నడిచి వచ్చాడు. వెనకాల పది మేకపోతులు.

"ఇవన్నీ నీవేనా?" అన్నాడు మన్మథరావు.

"నావి కావు బావూ. మా ఊరివి. రాయగడలో ఒక బావు సింగం కాడికి మొక్కులు ఒట్టుకెల్తన్నాడని సంతలో సెప్పుకుంటన్నారు. గొప్ప పున్నెం బావూ. రేపు ఇంకో పది వస్తాయి."

"వద్దు! ఇంకొద్దు! బండిలో చోటు లేదు!"

"ఓలమ్మ, రైలుబండిలో సోటు లేదేటి?" అని గున్నయ్య ఆశ్చర్యపోయి, అరుగు మీద కూర్చుని చుట్ట ముట్టించాడు. సాగనంపేదాకా కదిలేది లేదన్నాడు.

పద్దెనిమిది మేకపోతులు పెరట్లో మందారం చెట్టు తిన్నాయి. కరివేపాకు తిన్నాయి. దడి మీది చిక్కుడు పాదు తిన్నాయి. ఆ చిక్కుడు పాదు లేకపోవడంతో, దడికి అవతల కొండ దాకా అంతా ఖాళీగా, శుభ్రంగా కనపడసాగింది. పద్దెనిమిది గొంతుల అరుపు ఆ కొండ దాకా శుభ్రంగా వినపడసాగింది.

ఆ రోజు పదకొండు గంటలకు గోవిందరాజులు స్వయంగా జీపు దిగాడు. మన్మథరావు పరుగున ఎదురెళ్ళాడు. సెలవు పోయిందనుకున్నాడు.

"ఏటయ్యా మన్మథరావ్, నీకు సెలవు దేనికి ఇచ్చేను?"

"సింహాన్ని చూడ్డానికండీ."

"మేకల యాపారానికి కాదు గదా?"

"కాదండీ. బాబుగారూ, ఆ సెలవు మాత్రం..."

గోవిందరాజులు వెనక్కి తిరిగి చెయ్యి ఊపాడు. జీపులోంచి నల్లటి మేకపోతు దిగింది. కొమ్ములకి వెండి తొడుగులు ఉన్నాయి.

"జయపురం కోర్టులో దావా గెలిచేను. ఏడేళ్ళయింది. మా చుట్టాలంటావా, రెండు లారీలు చాలవు. ముందు నాది కట్టించు. నాది తిన్నాకే మిగిలినవి. లేకపోతే సోమవారం నువ్వు డిపోకి రా, అడవికి కాదు."

అరుగు మీంచి రాజులమ్మ లేచింది. "ఏటీ? మీది ముందేటి? ముందొచ్చింది నాది!"

"నేను సెలవిచ్చేనమ్మా!"

"నాను ఆలోసన ఇచ్చేను!"

"ముందు ఏది తినాలో సింగానికి మీరేటి సెప్తారు?" అన్నాడు అసిరయ్య ఎదురింట్లోంచి. "మాదానికి మాంసం ఎక్కువ. అది మాదే ముందు సూస్తాది!"

గొడవ సాయంత్రం దాకా సాగింది. ఆ సందట్లో మన్మథరావు వెనక వీధిలోంచి తంతి ఆఫీసుకి జారుకున్నాడు. "పంతొమ్మిది మేకలతో రావచ్చునా?" అని జునాగఢ్‌కి తంతి కొట్టాడు.

ఆదివారం మధ్యాహ్నం జవాబు వచ్చింది. "ఒక్క మేక చాలు. మిగిలినవి తెస్తే అనుమతి రద్దు."

మన్మథరావు తంతిని నాలుగుసార్లు చదివాడు. ఒక్కటి తీసుకువెళ్తే పద్దెనిమిది ఇళ్ళతో వైరం, అందులో కొల్నార ఊరు ఊరంతా ఉంది. యజమానిది కాకుండా వేరేది తీసుకువెళ్తే ఉద్యోగం ఉండదు. యజమానిది తీసుకువెళ్తే ఆ వీధిలో కాపురం ఉండదు. అన్నీ తీసుకువెళ్తే సింహం ఉండదు. రేపు పొద్దున్నే బండి.

"సీటీలు రాసి వెయ్యండి," అంది గౌరీశ్వరి. "సీటీలో ఎవరి పేరొస్తే వాళ్ళది. అమ్మవారే సూసుకుంటాది."

ఆ మాట ఎవరూ కాదనలేకపోయారు. సందెవేళకి అందరూ ఇంట్లో చేరారు. రాజులమ్మ, అసిరయ్య, స్టేషను నుంచి సోమేశ్వరరావు, చుట్టతో గున్నయ్య, కుర్చీలో గోవిందరాజులు. పంతొమ్మిది చీటీలు రాగి చెంబులో వేశారు. చీటీ ఎవరు తియ్యాలన్న దాని మీద మళ్ళీ గొడవ మొదలైంది. మన్మథరావు నీళ్ళ చెంబు అందుకుని లేచాడు.

"మేకలకి నీళ్ళు పెట్టొస్తాను" అని పెరట్లోకి వచ్చేశాడు. గౌరీశ్వరి అప్పటికే అక్కడ బావి పక్కన స్నానాల తడిక వెనక కుండలు నింపుతోంది.

నాలుగు రోజులుగా ఒక్క క్షణం ఆగని అరుపు హఠాత్తుగా ఆగిపోయింది. పంతొమ్మిది మేకపోతులూ గడ్డాలు ఒకే వైపు తిప్పి నిలబడ్డాయి. ఇంట్లో వాదిస్తున్నవాళ్ళకి కూడా ఆ నిశ్శబ్దం వినపడింది. అసిరయ్య పెరటి గుమ్మంలోకి వచ్చాడు. అతని వెనక మిగిలినవాళ్ళంతా వచ్చారు.

దడి కిర్రుమంది. కొండ వైపు నుంచి ఏదో పొడుగ్గా, మెత్తగా గాలిలోకి లేచి, దడి దాటి, పెరట్లో దిగింది. మన్మథరావుకి రెండు బారల దూరంలో.

గుమ్మంలో ఉన్నవాళ్ళకి మన్మథరావు వీపు కనపడుతోంది. ఆ వీపుకి అవతల పులి కనపడుతోంది. పులి మన్మథరావును చూసింది. మన్మథరావు కదలలేదు. కేక వెయ్యలేదు. ఒక చేతిలో నీళ్ళ చెంబు అలాగే ఉంది, అందులోంచి ఒక్క చుక్క కింద పడలేదు. పులి ఒక అడుగు ముందుకు వేసింది. ఆయన అప్పుడూ కదలలేదు. పులి కాసేపు ఆయన్ని వాసన చూసి, పనికిరాడని తేల్చుకుని, పక్కనున్న మేకపోతును నోట కరుచుకుని, వచ్చిన దారినే దడి దాటిపోయింది.

ముందుగా నోరు తెరిచింది గున్నయ్య. "ఓర్నాయనో! పులికి ఎదురు నిలబడ్డ మొగోణ్ణి ఇప్పుడు సూసేను!"

గోవిందరాజులు కుర్చీ తెప్పించి మన్మథరావును అందులో కూర్చోబెట్టాడు. రాజులమ్మ దిష్టి తీసింది. అసిరయ్య పరుగెత్తుకెళ్ళి సోడా తెచ్చాడు. తరువాత అందరికీ ఒకేసారి అసలు సంగతి తట్టింది.

"పులైతే ఏటి, సింగమైతే ఏటి? రెండూ ఆవిడి వాహనాలే," అంది రాజులమ్మ. "తల్లి తానే వచ్చి పుచ్చుకుంది. పోయింది నా మేకపోతే. పసుపు నాను సూసేను."

"పసుపు అన్నిటికీ ఉంది! పోయింది మాది!" అన్నాడు అసిరయ్య.

"కొమ్ములు మెరిసేయి. వెండి. నాదే," అన్నాడు గోవిందరాజులు. నల్లటి మేకపోతు వెండి కొమ్ములతో ఆయన వెనకే నిలబడి ఆయన ధోవతి నములుతోంది. ఆయన దాన్ని గుర్తుపట్టలేదు.

పది నిమిషాలు తిరిగేసరికి పంతొమ్మిది మొక్కులూ తీరిపోయాయి. పెరట్లో పద్దెనిమిది మేకపోతులు మిగిలాయి. వాటిలో ఒక్కదానికీ యజమాని లేడు.

"మరి ఇవి ఎవరివండీ?" అన్నాడు మన్మథరావు నీరసంగా.

అందరూ ఆకాశం వైపు చూశారు. చివరికి గౌరీశ్వరే తేల్చింది. ఎవరివీ కాకపోతే అవి అమ్మవారివి. అమ్మవారివి అయితే అందరూ కలిసి అమ్మవారికి ఇవ్వాలి. ఇచ్చాక భోజనాలు పెట్టాలి. ఏ ఒక్కరి మొక్కూ కాదు కాబట్టి అందరి చుట్టాలూ రావాలి.

అందరి చుట్టాలూ వచ్చారు. సోమవారం ఉదయం జునాగఢ్ వెళ్ళాల్సిన బండి వెళ్ళిపోయింది. ఆ బండి ఎక్కవలసిన మనిషి పెరట్లో ఆకులు వేస్తున్నాడు. గుణుపురం నుంచి బళ్ళు వచ్చాయి. పార్వతీపురం నుంచి, పాతపట్నం నుంచి వచ్చాయి. గోవిందరాజులుగారి చుట్టాలు రెండు లారీల్లో వచ్చారు. మూడు రోజులు భోజనాలు నడిచాయి. ప్రతి పంక్తిలోనూ మన్మథరావును మధ్యలో కూర్చోబెట్టి పులి కథ చెప్పించుకున్నారు.

"కళ్ళు నిప్పుకణాల్లా ఉన్నాయి," అని చెప్పేవాడు మన్మథరావు. "ఒళ్ళంతా నల్లటి చారలు. ఒక్కొక్క చార ఇంత వెడల్పు."

"నాకు సుక్కలున్నట్టు కనపడ్డాది," అన్నాడు గున్నయ్య మొదటిరోజు.

"నువ్వెక్కడ, ఆయనెక్కడ? రెండు బారల్లో నిలబడ్డాయన సెప్తుంటే!" అని అసిరయ్య కసిరాడు. బుధవారానికి గున్నయ్యతో సహా అందరికీ చారలే కనపడ్డాయి. గౌరీశ్వరి వడ్డిస్తూ అన్నీ వింది. ఒక్కసారీ మాట కలపలేదు. బళ్ళవాళ్ళు డిపోలో పులుల కబుర్లు మానేశారు. మన్మథరావు ముందు చెప్పడానికి వాళ్ళకి సిగ్గేసింది.

గురువారం సాయంత్రానికి చివరి బండి కదిలింది. ఇల్లు నిశ్శబ్దమైంది. ఇంకా పదకొండు రోజుల సెలవు ఉంది. అనుమతి కాగితం పెట్టెలో ఉంది. మేకలు ఇచ్చేవాళ్ళు ఇంక ఎవరూ లేరు. మన్మథరావు టైమ్ టేబుల్ తెరిచి పెన్సిలు తీశాడు.

"రేపటి బండికి వెళ్దామా?" అన్నాడు. "సింహం కూడా చూసేస్తే ఓ పని అయిపోతుంది."

గౌరీశ్వరి తాంబూలం చుడుతూ పక్కన కూర్చుంది. వీధిలో ఎవరూ లేరని చూసుకుని మెల్లిగా అంది.

"ఏవండీ, దానికి సుక్కలు. సారలు కావు. అది సిరత."

మన్మథరావు పెన్సిలు కదలలేదు.

"నాను తడిక ఎనక ఉన్నాను కదా. అందరికీ మీ ఈపు కనపడ్డాది. నాకు మొకం కనపడ్డాది. అది దూకినప్పట్నించి ఎల్లిపోయేదాకా మీరు కళ్ళు ఇప్పలేదు. నాలుగు బళ్ళు మారి, ఐదు రోజులు ప్రయాణం సేసి జునాగఢ్ ఎల్లి కళ్ళు మూసుకోడం దేనికండీ? ఆ పని ఇక్కడే అయిపోయింది కదా."

మన్మథరావు టైమ్ టేబుల్ మూశాడు. "ఎవరికైనా చెప్పావా?" అన్నాడు.

"నాకేటి అవసరం? ఊళ్ళో పులికి భయపడని మొగుడున్నది నాకొక్కర్తికే."

ఆమె తాంబూలం ఆయన చేతిలో పెట్టింది. మొదట ఆయన పెదవులు వణికాయి, తరువాత భుజాలు, తరువాత ఇద్దరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. పక్కింట్లోంచి రాజులమ్మ ఏటయ్యిందని కేక వేసింది. ఏమీ లేదని ఇద్దరూ ఒకేసారి చెప్పారు.

మర్నాడు ఉదయం మన్మథరావు డిపోకి వెళ్ళి మిగిలిన సెలవు రద్దు చెయ్యమని దరఖాస్తు ఇచ్చాడు. కారణం దగ్గర "చూడవలసిన జంతువును స్వగృహమందే అతి సమీపము నుండి చూచి యుంటిని" అని రాశాడు. అలాంటి కాగితానికి సాక్షి సంతకం అక్కర్లేకపోయినా, గౌరీశ్వరి చేత పెట్టించి మరీ ఇచ్చాడు.